ఎగిరే పిల్ల ఏ భాషలో మాట్లాడాలి?

చదువరులారా, మీ ఇంట్లో పన్నెండు పదమూడేళ్ల ఆడపిల్ల ఉంటే, ఈ వాక్యం దగ్గరే ఒక్క నిమిషం ఆగి ఆమెను ఒక ప్రశ్న అడిగి రండి. "నీకు ఉన్నట్టుండి ఎగిరే శక్తి వస్తే మొట్టమొదట ఏం చేస్తావు?" లోకాన్ని కాపాడతానని ఆమె చెప్పదని నా నమ్మకం. హోసూరు ప్రాంతంలోని మా తెలుగు తరగతిలో ఏడవ తరగతి పిల్లలను నేను అడిగినప్పుడు ఒక్కరంటే ఒక్కరు కూడా లోకం ఊసెత్తలేదు. ఒక అమ్మాయి తమ ఊరి దగ్గర ఆగకుండా పోయే బస్సును వెనకనుంచి పట్టి నిలుపుతానన్నది. ఇంకొక అమ్మాయి, టమోటా ధర పడిపోయిన రోజున వాళ్ల నాయన బండెడు కాయలను ధర బాగున్న సంతకు ఆకాశమార్గాన మోసుకుపోతానన్నది. మూడవ అమ్మాయి చాలాసేపు ఆలోచించి, ఇంట్లో పని చెప్పేవేళకు మిద్దెమీదికి ఎగిరి కూర్చుంటానన్నది. తరగతి అంతా గొల్లుమన్నది. నాకు మాత్రం ముగ్గురిలోనూ ఆ మూడవ పిల్లే అసలైన కథకురాలనిపించింది.

ఈ ప్రశ్న అడగవలసి రావడానికి ఒక కారణమున్నది. విభక్తులు చెబుతున్న వేళ మూడవ వరుసలో ఒక పిల్ల వంచిన తల ఎంతకీ ఎత్తలేదు. దగ్గరికి వెళ్లి చూస్తే పాఠ్యపుస్తకం నడుమ ఒక పాత 'టింకిల్' సంచిక. ఉపాధ్యాయధర్మం ప్రకారం స్వాధీనం చేసుకున్నాను. రాత్రి భోజనమయ్యాక, పరిశీలించే మిషతో చదివాను. (నిజం చెప్పాలంటే రెండుసార్లు చదివాను.)

1980లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన ఆ పత్రికను మీలో చాలామంది సుప్పాండి కోసం చదివే ఉంటారు. అందులో 2015లో ఒక కొత్త పాత్ర అడుగుపెట్టింది. పేరు మాపుయీ కావ్లిమ్. ఊరు మిజోరంలోని ఐజ్వాల్. వయస్సు పదమూడు. తండ్రి కొత్త కొత్త పరికరాలు కనిపెట్టే మనిషి. ఆయన తయారుచేసిన రెక్కలతో ఆమె 'వింగ్‌స్టార్' అయి ఎగురుతుంది. అయితే ఆమెకు వీరత్వం మీద పెద్ద మోజేమీ లేదు. స్నేహితులతో కబుర్లు చెప్పుకునే వేళకే ఎవరో ఒకరు ఆపదలో పడతారు, ఆమె విసుక్కుంటూ రెక్కలు కట్టుకుంటుంది. మిద్దెమీదికి ఎగిరి కూర్చుంటానన్న మా పిల్లకు ఈమె అక్క వరస కాదంటారా?

ఇక్కడ నన్ను ఆకట్టుకున్నది రెక్కలు కావు, ఐజ్వాల్. ముంబయి నుంచి ఇంగ్లీషులో వెలువడే పిల్లల పత్రిక, తన వీరబాలికకు ముంబయినో ఢిల్లీనో ఇవ్వక, దేశపటంలో పిల్లలు వెదికి పట్టుకోవలసిన ఒక కొండ ఊరును ఇచ్చింది. మన తెలుగు పిల్లల కథల్లో హోసూరు గాని, బళ్లారి గాని, బరంపురం గాని, షోలాపూరు గాని కథాస్థలంగా ఎన్నిసార్లు చూశారో మీరే గుర్తుతెచ్చుకోండి. మన కథల్లో పిల్లలు వేసవి సెలవులకు గోదావరి ఒడ్డుకు వెళతారు. మా పిల్లలు గోదావరిని చూడలేదు. వాళ్లకు తెలిసిన నది దక్షిణ పినాకిని, తెలిసిన ప్రయాణం బెంగుళూరు బస్సు. యానాం చదువరులు నవ్వుకుంటారు కాబోలు, వారికి గోదావరి ఇంటిముందే ఉన్నది.

ఇక రెండవ అమ్మాయి సంగతి. ఈమె అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రపు జెర్సీ సిటీలో ఉంటుంది. పేరు కమలా ఖాన్, పాకిస్తానీ కుటుంబం. 2014 నుంచి 'మిస్ మార్వెల్' పేరుతో ఆమె చిత్రకథలు వచ్చాయి. రచయిత్రి జి. విల్లో విల్సన్, చిత్రకారుడు ఏడ్రియన్ ఆల్ఫోనా. మొదటి సంపుటానికి 2015లో హ్యూగో పురస్కారం దక్కింది, 2022లో ధారావాహికగా తెరమీదికీ వచ్చింది. ఇంట్లో తల్లిదండ్రులను ఆమె 'అమ్మీ', 'అబ్బూ' అని పిలుస్తుంది. ఆమె నుంచి కూర వాసన వస్తుందని ఒక సహాధ్యాయిని వ్యాఖ్యానిస్తుంది. ఈ సంగతి హోసూరులో ఉన్నవారికి వివరించనక్కరలేదు.

ఆ కథలో మొదటి ఘట్టాన్ని కాస్త నిదానంగా చెప్పనివ్వండి. ఇంట్లో వద్దన్నా వినక ఒక రాత్రి విందుకు పోయిన కమలకు, వింత పొగమంచులో చిక్కి, కోరిన రూపం ధరించే శక్తి వస్తుంది. రాగానే ఆమె ఏ రూపం ధరించిందో తెలుసా? తాను ఆరాధించే కేరల్ డాన్వర్స్ అనే వీరనారి రూపం. బంగారు జుట్టు, తెల్లని మేను, పొడవైన కాళ్లు. ఆ రూపంలోనే నీటిలో పడిన సహాధ్యాయిని రక్షిస్తుంది. ఆ మునిగిన పిల్ల ఎవరనుకున్నారు, కమలను ఎగతాళి చేసిన పిల్లే. కానీ అరువు తెచ్చుకున్న ఆ మేను ఆమెకు హాయినివ్వదు. బూట్లు కరుస్తాయి, బట్టలు ఇబ్బంది పెడతాయి. కొన్నాళ్లకు ఆమె తన మొహంతోనే, ఇంట్లో ఉన్న నిండైన ఈతదుస్తును మార్చి కుట్టుకుని, వీధిలోకి వస్తుంది. ఆ తరువాత కథలు చాలావరకు సరదాగానే సాగుతాయి. ఎవరి పిల్లలు తప్పిపోయారు, ఎవరి దుకాణంలో దొంగతనం జరుగుతున్నది వంటి ఇరుగుపొరుగు పనులు, నడుమ ఒక మహాకాయపు శునకం.

ఈ కథను తరగతిలో తెలుగులో చెప్పాను. చెప్పి, మీరూ ఒక వీరబాలికను కల్పించి వ్రాసుకు రండి అన్నాను. పది పంక్తుల వ్యాసానికి పదకొండుసార్లు గడియారం చూసే పిల్లలు మూడేసి, నాలుగేసి పుటలు వ్రాసుకు వచ్చారు. అందులో ఒక నోటుపుస్తకం నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆ కథలో అమ్మాయి రేషన్ అంగడి వద్ద నిలబడిన ముసలివాళ్లకు సాయం చేస్తుంది. బాగున్నది. వాళ్ల అవ్వ చేతిలోని కాగితం చదివి చెబుతుంది. ఇదీ బాగున్నది. అయితే ఎగిరేటప్పుడు ఆ అమ్మాయి తమిళంలో మాట్లాడుతుంది. నేలమీదికి దిగి, ఇంటిగడప దాటాకనే తెలుగు మాట్లాడుతుంది. ఎందుకమ్మా అని అడిగాను. ఆ పిల్ల ఏమాత్రం తడుముకోకుండా, "తెలుగులో మాట్లాడితే అందరికీ తెలిసిపోతుంది కదా సార్, ఎవరో" అన్నది.

ఎంత న్యాయమైన సమాధానం! ముసుగు వీరులందరూ చేసే పని అదే. ఇంటి గుర్తు బయటపడకూడదు. కాని ఆ పిల్లకు ఇంటి గుర్తు తెలుగు, ముసుగు మరొక భాష. కేరల్ డాన్వర్స్ రూపం ధరించిన కమల నాకు అప్పుడు గుర్తుకు వచ్చింది. ఇందులో తమిళం తప్పేమీ లేదని స్పష్టంగా చెబుతున్నాను. మా పిల్లలు తమిళం నాకంటే చక్కగా మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. నన్ను కలవరపరచినది వేరు. శక్తి ఒక భాషలో ఉంటుందని, తెలుగు శక్తిలేని చోట మాట్లాడే భాష అని ఆ పిల్లకు పన్నెండేళ్లకే ఎలా తెలిసింది?

తెలియక ఏం చేస్తుంది! 2006 నాటి తమిళ అభ్యసన చట్టం ప్రకారం 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ, 2015-16 నాటికి ఆ వరుస పదవ తరగతికి చేరింది. పరీక్షల వేళ అల్పసంఖ్యాక భాషల పిల్లలు న్యాయస్థానాల తలుపు తట్టవలసి వచ్చింది. మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉన్నది ప్రాథమిక దశ వరకే. ఆపైన తెలుగు ఉండటమా, మానటమా అన్నది చాలా ఇళ్లలో భోజనాల దగ్గర తేలిపోయే విషయం. "తెలుగు చదివితే ఏమొస్తుంది?" అని తండ్రి అడుగుతాడు. ఆ ప్రశ్నకు నా వద్ద కూడా ఉద్యోగాల పట్టిక ఏదీ లేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. అదే నోటుపుస్తకంలో ఆ పిల్ల, "మబ్బుల్లో ఎగరతా ఉండాది" అని వ్రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టివేసి "ఎగురుతూ ఉన్నది" అని దిద్దాను. "అవ్వకు తెల్దు" అన్నదాన్ని "అవ్వకు తెలియదు" చేశాను. "యాడికి పోతావు" అన్న అవ్వ మాటను కూడా వదలలేదు. నాలుగు పుటల్లో ముప్పైకి పైగా ఎర్రగీతలు. దిద్దడం పూర్తయ్యాక చూస్తే, అవ్వ నోట ఆకాశవాణి వార్తలు వినిపిస్తున్నాయి. తన వీరబాలిక ఎగిరేటప్పుడు తెలుగు ఎందుకు మాట్లాడదో ఆ పిల్ల నోటితో చెప్పింది సగమే. మిగిలిన సగం నా ఎర్రసిరాలో ఉన్నది. ఆమె ఇంట్లో మాట్లాడేది బయట తెలుగు కాదు, బడిలోనూ తెలుగు కాదని నేనే ధ్రువపత్రం ఇచ్చాను.

మన సాహిత్యంలో వీరబాలికలు లేరా అని మీరు అడగవచ్చు. ఉన్నారు, ఒక విధంగా. పోతన భాగవతంలో సత్యభామ గరుడుని మీద ఆకాశానికెగసి నరకుని సేనతో పోరాడింది, అదీ మొగుని ముందు సోయగం చెదరకుండా! ఆ ఘట్టం చెప్పినప్పుడు మా ఆడపిల్లల కళ్లు మెరుస్తాయి. కాని సత్యభామ రేషన్ అంగడికి రాదు. జానపద గాథల్లో బాలనాగమ్మను మాయల ఫకీరు ఎత్తుకుపోతే ఆమెను విడిపించడానికి బాలవర్ధిరాజు బయలుదేరాలి. కష్టం ఆడవారిది, సాహసం మగపిల్లవానిది. ముళ్లపూడి వారి అల్లరి కూడా బుడుగుకే దక్కింది, సీగానపెసూనాంబ అతని నేస్తం. బుడుగు అంటే నాకు ప్రాణం. అయినా ఆ కథలు పెసూనాంబ చెప్పి ఉంటే ఎలా ఉండేవో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

నాకంటే పెద్దవారైన ఒక సహోపాధ్యాయులు, "వారానికి దొరికే నాలుగు గంటల్లో బొమ్మల కథలు చెబితే సంధులు ఎప్పుడు చెబుతారండీ?" అని మందలించారు. ఆయన మాట కొట్టివేయదగినది కాదు. సమయం నిజంగానే తక్కువ. నేను ఇచ్చిన సమాధానం ఇది: నాలుగు పుటలు వ్రాసిన పిల్లకు సంధి తప్పయితే చూపించవచ్చు. ఏమీ వ్రాయని పిల్లకు ఏది చూపించాలి? ఆయన ఒప్పుకోలేదు. అయితే మరుసటి వారం ఆ 'టింకిల్' అడిగి తీసుకువెళ్లారు, ఇంకా తిరిగి ఇవ్వలేదు.

ఇలాంటి కథలు వ్రాయించే ఉపాధ్యాయులకు ఒకే ఒక మనవి. దయచేసి ఆ వీరబాలిక చేత తెలుగును ఉద్ధరింపజేయకండి. మాతృభాష మీద ఉపన్యాసం ఇచ్చే వీరబాలికను పిల్లలు రెండవ పుటలోనే వదలివేస్తారు, నేను ప్రయత్నించి చూశాను గనుక చెబుతున్నాను. ఆమె పొంగిపోతున్న పాలగిన్నెను పట్టుకోనివ్వండి. తప్పిపోయిన మేకపిల్లను వెదకనివ్వండి. ఆలస్యమైన తమ్ముణ్ని బడిగోడ దాటించనివ్వండి. ఆ పనులు చేస్తూ తమిళం రానివారితో తెలుగులోనూ, తెలుగు రానివారితో తమిళంలోనూ, బెంగుళూరు బస్సు కండక్టరుతో కన్నడంలోనూ మాట్లాడనివ్వండి. మన పిల్లలకు మూడు భాషలు ఒక్క ఊపిరిలో వస్తాయి. రెక్కలు కట్టుకునేవారికి కూడా అంత సులువుగా రాని శక్తి అది, మనమే దాన్ని లెక్కలో వేసుకోలేదు.

నేను మరుసటి రోజు ఆ నోటుపుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు, అవ్వ మాటలమీది ఎర్రగీతలను చెరిపివేయడం సాధ్యం కాక, పక్కన "ఇవి ఉండవచ్చు" అని నీలిసిరాతో వ్రాశాను. ఆ పిల్ల చాలాసేపు చూసింది. "ఎట్లా సార్, పరీక్షలో కూడానా?" అన్నది. పరీక్షలో కాదమ్మా, కథలో అన్నాను. ఆమె మొహంలో ఒక వ్యాపారస్థుని లెక్క కదిలింది.

రెండవ భాగం శనివారం తెచ్చింది. ఈసారి వీరబాలిక ఆకాశం నుంచి కిందికి కేక వేస్తుంది, అదీ తెలుగులో. ముసుగు సంగతి ఏమైందని అడిగాను. "అవ్వకు ముందే తెల్సు సార్, ఊరికే తెల్దన్నట్టు ఉండాది" అన్నది.