గొర్రె చస్తే రుజువు ఎవరు తేవాలి?

పత్తి ఏరడం అయిపోయాక ఆ చేలల్లో గొర్రెల్ని మేపడం తెలంగాణలో పాత అలవాటే. 2006లో వరంగల్ జిల్లాలో అలా మేసిన గొర్రెలు వందల్లో చచ్చిపోయాయి. కాపరులు బి.టి. పత్తినే అనుమానించారు. బి.టి. విత్తనాలకు అనుమతులిచ్చే కేంద్ర కమిటీ మాత్రం కాదంది. నైట్రేట్లు, పురుగుమందుల అవశేషాలు కారణం కావచ్చంది.

సరే, మందే అనుకుందాం. విత్తనం నిర్దోషి అయితే కాపరి కష్టం తీరిపోయినట్టేనా?

మోనోక్రోటోఫాస్ లాంటి మందులు నరాల మీద పనిచేస్తాయి. నోటి వెంట చొంగ, వణుకు, ఎగశ్వాస... పశువుల డాక్టరు వెంటనే అట్రోపిన్ ఇంజెక్షన్ ఇస్తే బతకొచ్చు. డాక్టరు ఉండేదేమో మండల కేంద్రంలోనాయె! చచ్చాక రుజువు కావాలంటే కడుపులోని మేతా, కాలేయం ముక్కా ఐసులో పెట్టి ల్యాబుకి పంపాలి. మంద సగం పోయి గుండె బాదుకుంటున్న ఇంట్లో ఈ ఆలోచన ఎవరికొస్తుంది చెప్పండి? పూడ్చేస్తారు. రుజువూ దాంతోపాటే మట్టిలోకి పోతుంది. అప్పుడిక 'అనుమానం' అన్న మాటే మిగులుతుంది. అనుమానానికి నష్టపరిహారం ఎవరిస్తారు?

గట్ల మీద గడ్డి కోసుకొచ్చి గేదెకి వేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పక్క చేలో నిన్న మందు కొట్టారని ఆమెకి చెప్పేవాళ్ళేరీ? మళ్ళీ ఆ గేదె పాలే ఇంట్లో పిల్లలకీ, పట్నంలో మనకీను. మందు కొట్టిన చేను గట్టున ఒక ఎర్రగుడ్డ కట్టాలని పంచాయతీ తీర్మానం చేస్తే అయ్యే ఖర్చెంత?