తుపాకీ మన వారసత్వం కాదు

తెల్లవాడు మన చేతిలోని ఆయుధం లాక్కున్నాడు, స్వతంత్రం వచ్చాక కూడా మనవాళ్ళు దాన్ని తిరిగి ఇవ్వలేదు. కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ళ మధ్య ఈ మాటకు ఇప్పుడు చప్పట్లు పడుతున్నాయి. పాలెగాడు కట్టబొమ్మన పటానికి దండ వేసిన వేదిక మీదే ఎవరో లేచి, నిజాయితీగా బతికే ప్రతి గృహస్థుకూ తుపాకీ హక్కుగా దక్కాలంటారు. లైసెన్సు అడగడమే బానిసత్వమంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో అనుమతి కాగితం లేకుండానే తుపాకీ వెంట పెట్టుకు తిరగవచ్చని చెబుతారు. కోయంబత్తూరు గాంధీపురంలో కాపురముంటూ ఈ మాటలు విని ఊరుకోవడం నాకు చేతకావడం లేదు. ఈ వాదం చరిత్రనూ చట్టాన్నీ తప్పుగా చెబుతోంది. మనిషి కోపాన్నయితే అసలు లెక్కలోకే తీసుకోవడం లేదు.

మదురైలో విశ్వనాథ నాయకుడి కాలంలో ఏర్పడ్డ డెబ్బై రెండు పాలెగాళ్ళ వ్యవస్థ గురించి మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ బల్లేలు, తుపాకులు ఎవరి చేతుల్లో ఉండేవి? పాలెగాడి చేతిలో, అతని బంట్ల చేతుల్లో. సాగు చేసుకునే కుటుంబం దేశకావలి, స్థలకావలి పేర్లతో వాళ్ళకు రుసుము కట్టేది. కట్టకపోతే ఏమయ్యేదో ఆ ఊళ్ళకు తెలుసు. ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డ కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరి తీశారు. 1801లో అతని తమ్ముడు ఊమైదురై ఉరికంబమెక్కాడు. విరూపాక్షి పాలెగాడు గోపాల నాయకుడి గతీ అంతే అయింది. ఆ ఏడాది డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ దక్షిణ పాలెగాళ్ళు ఆయుధాలు అప్పగించాలని ప్రకటన చేశాడు. ఒక వ్యాపార కంపెనీ తన పెత్తనం కోసం చేసిన పని అది. దాన్ని నేను సమర్థించను, కట్టబొమ్మన మరణం తలుచుకుంటే నాకూ రక్తం మరుగుతుంది. కానీ ఆ రోజు పోయింది ముఖ్యంగా పాలెగాళ్ళ సైన్యం. సాధారణ గృహస్థుకు తుపాకీ హక్కు అంతకు ముందూ లేదు.

1878 ఆయుధ చట్టం సంగతి వేరు. లిట్టన్ కాలంలో వచ్చిన ఆ చట్టం భారతీయుణ్ణి లైసెన్సు అడిగింది, యూరోపియన్‌కు మినహాయింపు ఇచ్చింది. ఆ పక్షపాతం నిజంగా అవమానమే. గాంధీ దాన్ని తీవ్రంగా తప్పుపట్టాడని ఉపన్యాసకులు ఎత్తి చూపుతారు. అవును, తప్పుపట్టాడు. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలోకి మనుషుల్ని చేర్పిస్తూ వేసిన కరపత్రంలో ఆ మాట అన్నాడు. ఒక జాతి మొత్తాన్ని నమ్మదగనిదిగా చూసిన పాలన మీద ఆయన ఫిర్యాదు అది. ఇంటింటికీ పిస్టల్ కావాలని ఆయన జీవితంలో ఎక్కడా పోరాడలేదు. ఆయన ప్రాణం తీసింది గ్వాలియర్‌లో దొంగచాటుగా సంపాదించిన పిస్టల్. ఆ మనిషి పేరున్న పేటలో నిలబడి, ఆయన్నే తుపాకీకి సాక్షిగా పిలవడం నాకు బాధ కలిగిస్తోంది.

ఇప్పుడున్నది 1959 చట్టం. ఇందులో జాతి భేదం లేదు. లైసెన్సు నిరాకరిస్తే అధికారి కారణం రాతలో పెట్టాలి, అప్పీలు చేసుకోవచ్చు. పంట కాపాడుకునే రైతుకు నాటు తుపాకీ లైసెన్సు ఇచ్చే వీలు ఇందులోనే ఉంది. 2019 సవరణ ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల్ని మూడు నుంచి రెండుకు తగ్గించింది. ఒకటికే పరిమితం చేయాలన్న మొదటి ప్రతిపాదన అభ్యంతరాల వల్ల నిలవలేదు. నిలిచి ఉంటే బాగుండేది. వేడుకల్లో తుపాకీ పేల్చి ఎదుటివారి ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడతాయి.

అమెరికా సంగతికొస్తే, కాన్సస్ రాష్ట్రం 2015 జూలై 1 నుంచి అనుమతి లేకుండానే తుపాకీ దాచుకు తిరగనిచ్చింది. అక్కడి ఓలేత్ పట్టణంలో 2017 ఫిబ్రవరి 22న ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ఒకడు జాతి పేరుతో దూషించాడు. అతణ్ణి బయటికి పంపారు. తుపాకీతో తిరిగొచ్చి కాల్చాడు. ఒకరు చనిపోయారు, ఒకరు గాయపడ్డారు. అడ్డుకోబోయిన అమెరికన్‌కు కూడా తూటా తగిలింది. ఆ చట్టమే ఈ హత్య చేయించిందని నేను అనను. కానీ ఊరి నిండా తుపాకులుంటే దుర్మార్గుడు జంకుతాడన్న భరోసా ఆ రాత్రి మన బిడ్డను కాపాడలేదు. కోపం వచ్చిన మనిషికి తుపాకీ అందేంత దగ్గరలో ఉంది, అంతే.

మన ఇళ్ళలో కోపం లేదా? ఒకప్పుడు పత్తి పండిన నేల ఇప్పుడు సెంటు లెక్కన అమ్ముడవుతున్న ఊరిది. అన్నదమ్ముల వాటాల తగాదా లేని ఇల్లు అరుదు. గట్టు జరిగిందని, బావి నీళ్ళ వంతు తప్పిందని, తండ్రి వీలునామాలో పేరు లేదని కేసులు పడ్డ కుటుంబాలు మనందరికీ తెలుసు. ఏళ్ళ తరబడి మాటలు లేకపోయినా చివరికి ఒక పెళ్ళిలోనో, ఒక చావు దగ్గరో మళ్ళీ కలుస్తారు. ఆ కోపాలు పేరుకున్న ఇంట్లో బీరువాలో తూటాలు నింపిన తుపాకీ ఉంటే ఎంతమంది మిగిలేవారో ఉపన్యాసకులు ఒక్కసారి ఆలోచించాలి. తమిళనాట వీధి హత్యలు ఎక్కువగా అరువాళ్‌తో, అంటే వేటకొడవలితో జరుగుతాయి. 2021లో పోలీసులు కమ్మరి కొలుముల్లో కొడవళ్ళు కొనేవాళ్ళ పేర్లు రాయించమన్నది అందుకే. కొడవలి ఎత్తినవాడు దగ్గరికి రావాలి. ఎదుటివాడికి పరిగెత్తే వీలుంటుంది, అడ్డుపడేవాళ్ళకు చేయి పట్టుకునే వీలుంటుంది. తూటా ఆ అవకాశం ఇవ్వదు.

తుపాకీ అందరికీ ఇచ్చి, దుర్వినియోగం చేసినవాణ్ణి కఠినంగా శిక్షిస్తే చాలదా అంటారు కొందరు. కఠిన శిక్ష కూడా పెట్టి చూశాం. నిషిద్ధ ఆయుధం వాడి ప్రాణం తీస్తే తప్పనిసరిగా మరణశిక్షే అని 1988లో చట్టంలో చేర్చారు. న్యాయమూర్తికి ఆలోచించే చోటు ఇవ్వని ఆ నిబంధనను సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఎంత పెద్ద శిక్షయినా తూటా పేలాకే వస్తుంది. కోయంబత్తూరు జైల్లో ఒకణ్ణి ఎన్నేళ్ళు ఉంచినా, చనిపోయిన తమ్ముడు ఆ ఇంటికి తిరిగి రాడు. లైసెన్సు ఇచ్చే ముందు వేసే ప్రశ్నలే ప్రాణం కాపాడతాయి.

కట్టబొమ్మనను గౌరవిద్దాం. పొల్లాచ్చి–పళని మధ్య 1920లో బస్సు నడిపిన జి.డి. నాయుడును కూడా అదే వేదిక మీద తలుచుకుందాం. ఈ నేలలో మన పేరు నిలబెట్టింది బావులు, మిల్లులు, పంపులు, మోటార్లు. అడవి అంచున తొండాముత్తూరు వైపు పందుల వల్ల, ఏనుగుల వల్ల పంట పోయిన రైతుకు పరిహారం ఆలస్యం లేకుండా రావాలని, వాటాల కేసులు త్వరగా తెమలాలని మన తెలుగు సంఘం తీర్మానం చేస్తే నేనూ సంతకం పెడతాను. తుపాకీ హక్కు కోరే తీర్మానం వస్తే దాని మీద పెట్టను. పెట్టవద్దని తెలిసినవాళ్ళందరికీ చెబుతాను.