1897 నాటి మధురవాణి

కన్యాశుల్కం అనగానే మనకు మెదిలేది 1909లో వచ్చిన రెండో కూర్పే. 1892లో విజయనగరంలో ఆడింది, 1897లో మొదటిసారి అచ్చయింది వేరు. ఆ మొదటి కూర్పు మరుగున పడిపోతే, వెతికి పట్టుకుని 1969లో మళ్లీ అచ్చు వేయించింది మన నెల్లూరు మనిషే. మినగల్లులో పుట్టిన బండి గోపాలరెడ్డి, అందరూ పిలుచుకునే బంగోరె.

కథలూ నవలలూ రాయాలని ఉబలాటపడే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: రెండు కూర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒక్క మధురవాణిని పట్టుకుని చూసినా చాలు. మొదటి దాంట్లో ఆమెది చిన్న పాత్ర. రెండో దాంట్లో కథ పగ్గాలు ఆమె చేతికొస్తాయి. మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్లి, గిరీశం బండారం బయటపెట్టేదీ ఆమే. పన్నెండేళ్లలో గురజాడ దాదాపు కొత్త నాటకమే రాశారు. ఎంత పెద్ద రచయితకైనా చేయి తిరగడానికి ఏళ్లు పడుతుందని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? తొలి రచన పలచగా ఉందని పక్కన పడేసే విమర్శకులతో నాకు పేచీ అక్కడే.

అదే 1969లో కావలి జవహర్ భారతిలో పాఠాలు చెప్పే కె.వి.రమణారెడ్డి గురజాడ మీద ‘మహోదయం’ వెలువరించారు. విజయనగరానికి ఇంత దూరాన, ఈ సముద్రం పక్క జిల్లాలో, ఒకే ఏడాది ఇద్దరు! తలుచుకుంటే గర్వంగా ఉంటుంది.

నవలకూ బంగోరె చేసిన మేలు తక్కువది కాదు. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైల్లో రాసిన ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిన వైనాన్ని సర్కారీ కాగితాల్లోంచి తవ్వితీసి పుస్తకం చేశారాయన.

ఇప్పుడు ఆ పుస్తకాలే దొరకడం కష్టంగా ఉంది. ఉప్పుగాలి తగిలే మన ఊళ్లలో కాగితం త్వరగా పాడవుతుంది, మిగిలింది పురుగు తింటుంది. విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం రెండు కన్యాశుల్కాలనూ ఒకే సంపుటంగా, విద్యార్థి కొనగలిగే ధరకు అచ్చు వేయాలి. ఎమ్మే తెలుగులో పాఠ్యంగా పెట్టాలి. ఈలోగా మీ అటక మీద బంగోరె అచ్చు వేయించిన ప్రతి ఏదైనా ఉంటే తూకానికి వేయకండి. ముందు స్కాన్ చేయించండి.