ఆన్‌లైన్ మొక్కల కొట్టుకి సరుకెక్కడ?

వెబ్‌సైటు కట్టడం మనకి శనివారం సాయంత్రం పని. పేమెంటు గేట్‌వే తగిలించడం ఆదివారం పొద్దుటి పని. అందుకే కాబోలు, హాబీ కొట్టు పెడదామనుకునే సాఫ్టువేరువాడు ముందు ఆ రెండూ ముగించేసి, సరుకు ఎక్కణ్ణించి తేవాలన్నది ఆఖర్న చూస్తాడు. అది కూడా ఎలాగంటే, ఇండియామార్ట్‌లో నాలుగు ఎంక్వైరీలు పడేసి, తక్కువ రేటు చెప్పినవాణ్ణి పట్టుకోవడమే. ఒక లైబ్రరీ వాడాలంటే చివరి అప్‌డేట్ ఎప్పుడు, చూసుకునేవాడున్నాడా లేడా అని సవాలక్ష ఆరాలు తీసే మనం, సరుకు దగ్గరికొచ్చేసరికి రేటు తప్ప ఇంకేమీ అడగం. ఎందుకో మరి.

మా పిన్నికొడుకు ఉద్యోగం పోయాక, మిద్దెతోటలవాళ్ళకి మొక్కలూ, కుండీలూ, కొబ్బరిపొట్టూ అమ్మే కొట్టు పెడతానన్నాడు. ఉన్న సొమ్మంతా దీంట్లోనే పెడుతున్నాడు కాబట్టి సరదా వ్యవహారం కాదు. మాది ద్రాక్షారామం. (పేరు చూసి ద్రాక్షతోటలు ఉంటాయా అని అడిగేవాళ్ళకి: లేవండీ బాబూ. దక్షారామం కాస్తా ద్రాక్షారామం అయిందంటారు.) రామచంద్రపురం, మండపేట, ద్వారపూడి మీదుగా వెళ్తే కడియం వస్తుంది. మొక్కల వ్యాపారంలో ఉన్నవాళ్ళకి ఆ పేరు చెప్పక్కర్లేదు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేం కోనసీమలో పడ్డాం, కడియం తూర్పుగోదావరిలోనే ఉండిపోయింది గానీ, మొక్కలకి జిల్లాలతో పనేముంది.

ఇంత పెద్ద హోల్‌సేలు బజారు పక్కనే ఉంటే ఇంక ఇబ్బందేమిటనిపిస్తుంది. ఇబ్బందల్లా, అక్కడి హోల్‌సేలు లారీ కోసం పుట్టింది. వెంచర్లు వేసేవాళ్ళు, రోడ్ల పక్కన మొక్కలు నాటించేవాళ్ళు, వేరే ఊళ్ళ నర్సరీలవాళ్ళు - వాళ్ళూ అసలు గిరాకీ. "ఆయ్, లోడు ఎంత కావాలండి?" అన్నది మొదటి ప్రశ్న. మావాడు "ముప్ఫై రకాలండి, రకానికి పదేసి" అన్నాడు. ఆయన నవ్వి, మంచినీళ్ళిచ్చి, ఇంకో ఫోను ఎత్తాడు :)

దాంతో మావాడు, "అన్నయ్యా, సగం లోడు తీసేసుకుందాం, మొక్కకి చాలా తగ్గుతుంది" అని మొదలుపెట్టాడు. నేను వద్దన్నాను. ఎందుకంటే వాడు అమ్మబోయేది లారీలో కాదు, కొరియర్లో. కొరియరువాళ్ళు డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. అలా వచ్చిన కిలోలూ, అసలు తూకమూ - రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు. 15 × 15 × 45 డబ్బాకి రెండు కిలోలు దాటుతుంది, లోపల మొక్క అరకిలోనే ఉన్నా సరే. మొక్క మీద మిగిల్చిన పది రూపాయలు ఈ డబ్బా ఎత్తులో పోతాయి. దానికితోడు మన గోదావరి ఒండ్రుమట్టి బరువు. దారిలో ఆ గడ్డ చిట్లిందంటే వేళ్ళు తెగి, మొక్క చేరేసరికే వాడిపోయి ఉంటుంది.

అంచేత వాడికి కావలసింది తక్కువ రేటువాడు కాదు, పార్సెల్లో పట్టే మొక్కని పెంచేవాడు. చిన్న కుండీలో, కొబ్బరిపొట్టులో, జానెడు ఎత్తులో. అలాంటివాళ్ళు హైవే పక్క బోర్డుల దగ్గర అంత తేలిగ్గా కనబడరు. కడియపులంక, బుర్రిలంక, వీరవరం, పొట్టిలంక వైపు లోపలికి వెళ్ళి, బండి దిగి, తోట చూడాలి. చూసి రెండు ప్రశ్నలు తప్పనిసరిగా అడగాలి. ఒకటి, ఇది మీ దగ్గర పెంచిందా, బయట్నించి వచ్చిందా? కడియంలో అమ్మే అలంకరణ మొక్కల్లో కోల్‌కతా, పూనా వైపునించి వచ్చినవీ ఉంటాయి. అందులో తప్పేం లేదు, కానీ నిన్న లారీ దిగిన మొక్కని ఇవాళ మళ్ళీ డబ్బాలో కూరితే బతకడం కష్టం. రెండోది, అడిగిన రంగు లేకపోతే ఏమిస్తారు? లారీ గిరాకీకి ఎర్రమందారం బదులు గులాబీరంగుది వెళ్ళినా పట్టింపు ఉండకపోవచ్చు. ఫొటో చూసి కొన్నవాడు ఊరుకుంటాడా?

కొబ్బరిపొట్టుకి అంబాజీపేట వైపు ఉండగా దూరం వెళ్ళక్కర్లేదు. అయిదు కిలోల దిమ్మె నీళ్ళలో వేస్తే సుమారు డెబ్భై లీటర్లకి ఉబ్బుతుంది. కాకపోతే కడిగిన పొట్టా, కడగనిదా అన్నది చూసుకోవాలి. కడగనిదాంట్లో ఉప్పు ఉంటుంది. ఈసీ 0.5 లోపు అని బిల్లు మీద రాసివ్వగలిగినవాణ్ణే పట్టుకోమన్నాను. ఆ మీటరు ఒకటి మనమే కొనుక్కుంటే ఇంకా మంచిది.

మేమిద్దరం నిజంగా పోట్లాడుకున్నది వేరే దానికి. దారిలో చచ్చిన మొక్కల డబ్బు నర్సరీవాళ్ళ బిల్లులోంచి కోస్తానన్నాడు మావాడు. పెద్ద ఆన్‌లైన్ కంపెనీల దగ్గర నేర్చిన తెలివి. రైతు తోటలో నిగనిగలాడే మొక్క చూసి, ఎంచుకుని, ఎత్తుకున్నది నువ్వు. డబ్బా కట్టింది నువ్వు. మూడ్రోజులు గోదాములో పడేసింది నువ్వు పెట్టుకున్న కొరియరు. మధ్యలో ఆయనేం చేశాడు? ఆ నష్టం నీ అమ్మకం రేటులో ఉండాలి, ఆయన కొనుగోలు రేటులో కాదు. ఇలా కోతలు పెట్టేవాడికి రెండోసారి మంచి మొక్క ఎవరిస్తారు? మిగిలినవే అంటగడతారు.

చివరికి బుర్రిలంకలో ఒకాయన వారానికి నాలుగు ట్రేలు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్ళాలి, లోడు రేటుకంటే ఎక్కువే. మావాడు ఇంకా మొహం చిట్లిస్తూనే ఉన్నాడు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం మొక్కలు పంపొద్దనీ, ఆ రెండు నెలలూ కుండీలూ కొబ్బరిపొట్టూ అమ్ముకోమనీ చెప్పాను. మొక్కలకి జీఎస్టీ లేదు, కుండీలకి ఉంది, రెండూ బిల్లులో విడివిడిగా రావాలి. ఈ ఆదివారం కూచుని ఆ ముక్క రాసివ్వాలి వాడికి.