చెట్టెక్కితేనే దొరికేది

తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మనవారి సామెత. కనుక ఈ వారం కల్లు ఊసెత్తినందుకు గృహిణులు నాపై ఆగ్రహించకుందురు గాక! ముందుగా పోర్చుగల్ దేశం పోయివద్దాం.

ఆ దేశానికి ఉత్తరపు కొసన మిన్యో అనే సీమ ఉంది. వానలు మెండు, కమతాలు చిన్నవి. అక్కడి ద్రాక్షాసవానికి ‘విన్యో వెర్ద్’ అని పేరు. వెర్ద్ అంటే పచ్చ. రంగు మాత్రం ఎక్కువగా తెలుపే. మనం పచ్చికాయ అన్నట్లు, అక్కడ పచ్చ అంటే లేతదని అర్థం. ఏళ్లతరబడి మాగబెట్టకుండా, పులుపూ చురుకూ తగ్గకముందే తాగేస్తారు. (ద్రాక్షసారా అనడం మనకు అలవాటు గాని, సారా బట్టీలో దించేది, ఇది పులిసిన రసం.)

పూర్వం ఆ తీగలను చెట్లమీదికి పాకించేవారట! కింద మొక్కజొన్న, గట్టున చెట్టు, చెట్టుమీద ద్రాక్ష. పండు కోయాలంటే పొడుగాటి నిచ్చెన ఉండవలసిందే. 1908లో చట్టం ఆ సీమకు ఎల్లలు గీసింది. బయటి సరుకుకు ఆ పేరు చెల్లదు. కాలక్రమాన తీగలు కూడా చెట్లు దిగి, చేతికందే ఇనుపతీగల మీదికి వచ్చాయి. కోసేవారికి ఎక్కే బాధ తప్పింది.

మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చేలగట్ల మీది తాటికి అలా దిగివచ్చే యోగం లేదు. మోకు, ముత్తాదు కట్టుకుని గౌడన్న పైకి పోవలసిందే. అదీ ఒకసారి కాదు, పొద్దునా సాయంత్రమూ. గెల కొసను పలుచగా చెక్కి లొట్టి కడతాడు. నాలుగునాళ్లు మానేస్తే గాయం ఎండి ధార ఆగిపోతుంది. పండుగని, జ్వరమని చెట్టు ఆగదు. పైగా ఇవాళ నాటిన తాడు గీతకు రావాలంటే పదిహేనేళ్లు, ఒక్కొక్కప్పుడు ఇంకా ఎక్కువే పడుతుంది. జారిపడి నడుము విరిగినవారు, ప్రాణాలు విడిచినవారు ఎందరో. తమ కొడుకులు చెట్టెక్కవద్దని తండ్రులే కోరుకుంటే తప్పెవరిది? గల్ఫుకు పోయే దారి ఈ ఊళ్లకు కొత్తదేమీ కాదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం గీతకార్మికులకు రక్షణ సామగ్రి ఇవ్వసాగింది. వారి దేవుడు కాటమయ్య పేరే దానికీ పెట్టారు. మంచిపనే. అయినా నిచ్చెన అక్కర్లేని తీగలు వాళ్లకు వచ్చిన ఎంతకాలానికి మనకీ తాడు వచ్చిందో చూడండి!

ఎక్కేవాడు తగ్గినా తాగేవాడు తగ్గడు. కల్తీకి తలుపు తెరుచుకునేది అక్కడే. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురిని పొట్టన పెట్టుకుంది. అందులో కలిసింది ఆల్ప్రజోలం అనే మత్తుమందు. ఆ నింద మాత్రం పల్లెలో నిక్కమైన కల్లు దించేవాడి మీద కూడా పడింది. మిన్యో రైతుకు చట్టమిచ్చిన పేరు వంటిది ఇతనికేదీ?

ఇక ఇంటిల్లిపాదీ తాగదగినది నీరా. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులియదు, తియ్యగా నిలుస్తుంది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో దీనికోసమే ఒక కేఫ్ తెరిచారు. పల్లెకు పోయినవారు పొద్దు పొడవకముందే చెట్టుకిందికి పోయి అడగండి. సున్నం పూయని లొట్టిదైతే ఎండెక్కేసరికి నురగ కడుతుంది, పిల్లలను వెంటనే ఇంటికి పంపవలసి వస్తుంది.