గులాబీల మంటలో చేతులు పెట్టిన కుర్రవాడు

మహాశివరాత్రి వచ్చిందంటే కోటప్పకొండ తిరునాళ్ళతో మన పల్నాటి పల్లెలన్నిటికీ సందడే. ఊరూరినుండి ప్రభలు కదులుతాయి. ఎటునుండి చూసినా ఆ కొండకు మూడు శిఖరాలే కనబడతాయనీ, దానిమీద కాకి వాలదనీ, గొల్లభామ కథ ఫలానా అనీ పిల్లలు ఊహ తెలిసినప్పటినుండి వింటూనే ఉంటారు. మన ఇరుగు పొరుగువారికి అది భక్తి విషయం గనుక దాని జోలికి మేము పోము. అయితే అలాంటి కథలగాలిలో పెరిగే పిల్లలు, మన సంఘాల పిల్లలైనా సరే, మహిమలు శక్తులు అంటే చెవులు కోసుకోవడంలో వింత ఏముంది?

అందుకే మన తల్లులు మమ్మును తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది. "మంత్రాల కథలు పిల్లల్ని చదవనివ్వవచ్చునా అండీ?" అని.

మన పెద్దవాళ్ళు చదివే పెరిగారు. 1947 జూలైలో మొదలైన చందమామ ఇప్పుడు రావడం లేదుగాని, అందులో దాసరి సుబ్రహ్మణ్యంగారు వ్రాసిన తోకచుక్క, జ్వాలాద్వీపం, పాతాళదుర్గం వంటి సీరియల్స్ కోసం ఇంటిల్లిపాదీ నెలంతా ఎదురుచూసిన రోజులున్నాయి. అంతకు ముందు తరానికి మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు ఉండనే ఉన్నాయి. వాటివల్ల ఎవరూ మాంత్రికులు కాలేదు. చదవడం మాత్రం బాగా వచ్చింది!

ఈ నెల మేము చెప్పదలచిన పుస్తకం విక్టోరియా రాణి కాలంనాటిది. వ్రాసినవాడు జార్జి మెక్‌డొనాల్డ్ (1824–1905), స్కాట్లండువాడు. మొదట పాస్టరే. అరండెల్ అనే ఊరిలో సంఘానికి ఆయన బోధ నచ్చక జీతం తగ్గిస్తే, కొన్నాళ్ళు ఓర్చుకొని 1853లో కాపరత్వం విడిచి, కలం పట్టి పెద్ద కుటుంబాన్ని పోషించుకున్నాడు. 1883లో పుస్తకంగా వచ్చిన 'ప్రిన్సెస్ అండ్ కర్డీ' ఆయనదే.

కర్డీ గనిలో పనిచేసే వాని కొడుకు. ఒకనాడు ఊరకనే ఒక తెల్ల పావురాన్ని బాణంతో కొట్టి, తరువాత మనస్సు నొచ్చుకొని, కోట పైగదిలో ఉండే ఒక ముసలి రాణమ్మ దగ్గరకు దాన్ని తీసుకొని వెళతాడు. ఆమె గదిలో గులాబీపూల మంట మండుతూ ఉంటుంది. అందులో చేతులు పెట్టమంటుంది. పెట్టాడు. బాధకు ఓర్చుకున్నాడు. ఆ మీదట వానికి ఎవరికీ తెలియని శక్తి ఒకటి వచ్చింది. ఎవరి చెయ్యి పట్టుకున్నా, ఆ మనిషి లోపల మనిషిగా పెరుగుతున్నాడో మృగంగా మారుతున్నాడో వానికి తెలిసిపోతుంది.

ఇక చూడండి. లీనా అనే భయంకరమైన వికారపు జంతువు పాదం పట్టుకుంటే చంటిపిల్ల చెయ్యి తగిలింది. కాయలు కాచిన కన్నతల్లి చెయ్యి పట్టుకుంటే గొప్ప దొరసాని చెయ్యిలాగే ఉన్నది. (నాట్లకూ కలుపులకూ వెళ్ళే మన తల్లులు ఈ ముక్క రెండుసార్లు చదువుకోవాలి.) రాజుగారి కొలువులో పెద్దమనిషిగా చెలామణి అయ్యే వైద్యుని చెయ్యి మాత్రం పాము పొట్టలా తగిలింది. ఆయన రాజుకు మందు పేరుతో ఏమి ఇస్తున్నాడో కథలో తెలుస్తుంది.

ఈ వరానికి రాణమ్మ ఒక షరతు పెట్టింది. సొంత లాభానికి ఒక్కసారి వాడుకున్నా అది పోతుంది. పోయిన సంగతి వానికి తెలియదు. లేనిదాన్ని నమ్ముకొని తిరుగుతాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో డబ్బిచ్చి శక్తి కొనబోయిన సీమోను మాకు ఇక్కడ గుర్తుకు వచ్చాడు.

ఇంగ్లండులో మంత్రగత్తెలని విచారణ జరిపి శిక్షించడం 1735 నాటి చట్టంతో ఆగింది. అంటే 1837లో విక్టోరియా గద్దె ఎక్కేనాటికే నూరేళ్ళు గడిచాయి. కోర్టులు నమ్మడం మానినాక ఆ దేశంలో మంత్రం పిల్లల కథల్లోకి వచ్చి ఆటగా మారిందని మాకు తోస్తుంది. పూర్తిగా మారిందని కూడా అనలేము. 1895లో, ఆ రాణి ఏలుబడిలోనే, ఐర్లండులో బ్రిజిట్ క్లియరీ అనే యువతిని ఈమె నా భార్య కాదు, మారుపడిన పిశాచి అంటూ కట్టుకున్నవాడే తగలబెట్టాడు.

మన దగ్గరైతే రెండూ ఒకే వీధిలో ఉన్నాయి. పిల్లవాడు అరుగుమీద మాంత్రికుని కథ చదువుతుంటాడు. అదే వీధి చివర ఒంటరి ముసలమ్మను చూసి, ఆమెకు చేతబడి తెలుసునని పెద్దలు గుసగుసలాడతారు. గొడ్డు చచ్చినా, బిడ్డకు జ్వరం తగ్గకపోయినా ఆమె పేరే. తెలుగు నేలమీద చేతబడి, బాణామతి అనే అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్ళు ఊడగొట్టడం, చంపడం కూడా జరిగాయి. ఆ పని చేసినవారు కథలు చదివి పాడైనవారా? కాదు, పక్కింటి మనిషిని గూర్చి విన్నదెల్లా నమ్మినవారు. ఆదివారం గుడిలో కూర్చునే మన నోళ్ళలో కూడా ఆ గుసగుస దొర్లుతుందని మనకు తెలియదా?

కాబట్టి తల్లులారా, పుస్తకం లాక్కోవద్దు. చదివాక పక్కన కూర్చోబెట్టుకొని మాట్లాడండి. ఇంగ్లీషు వచ్చిన కాలేజీ పిల్లలు ఇంట్లో ఉంటే ఈ కర్డీ కథ రోజుకు కొంచెం తెలుగులో చెప్పించండి. కర్డీ రాజధాని చేరే ఘట్టం మాత్రం తొందరగా దాటించవద్దు. ఆ పట్టణంలో పరాయివానికి చోటిచ్చేవారు లేరు. కుక్కలు మీద పడ్డాయి, జనం తిట్టిపోశారు. చివరకు రాత్రికి తలదాచుకోవడానికి తలుపు తీసినది డెర్బా అనే పేద ముసలమ్మ, మనుమరాలితో ఒంటరిగా ఉండేది. ఊరంతా ఆమెకు పెట్టిన పేరు మంత్రగత్తె.