ఎవరి ఇంట్లో ఎవరు ఉంటున్నట్టు?

మా ఆడపడుచు కూతుర్ని తీసుకుని పుట్టింటికి వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పటికీ మేం "వచ్చింది" అనే అంటాం, చుట్టపుచూపుగా వచ్చినట్టు. "ఇక్కడే ఉంటోంది" అని ఎవరి నోటా రాదు.

ఉద్యోగం చేస్తుంది, ఖర్చుల్లో తన వంతు ఇస్తుంది. అయినా ఎవరైనా అడిగితే మా అత్తగారు "అన్నయ్య చూసుకుంటున్నాడు" అంటారు. ఆవిడ మోకాళ్ల ఆపరేషనప్పుడు సెలవు పెట్టి చూసుకుంది కూతురే. నేను కాదు.

నేనేమీ మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడంలేదు. మొదటి ఏడాది వాళ్లు ఎన్ని పాల ప్యాకెట్లు వాడుతున్నారో లెక్కపెట్టినదాన్నే. మావాడు పెరుగన్నం వద్దంటే దోసె పోసేదాన్ని. ఆ పిల్ల వద్దంటే "ఉన్నది తినాలమ్మా" అన్నాను. తినేసింది. ఏడేళ్ల పిల్ల మారాం చెయ్యకుండా సర్దుకుపోతే ముచ్చటపడాలా, భయపడాలా?

పోయిన సంక్రాంతికి మావారి బాబాయిగారి మనవడు బెంగళూరు నుంచి తను కలిసి ఉంటున్న అమ్మాయితో వచ్చాడు. పెళ్లి మాట ఇద్దరూ ఎత్తరు. పక్కలు ఎక్కడ వెయ్యాలో తెలీక కాసేపు తికమకపడి, అమ్మాయిని మా ఆడపడుచు గదిలో పడుకోబెట్టాం. "ఈ కాలం పిల్లలు" అని అందరూ నవ్వేశారు. పేరంటానికి ఆ అమ్మాయిని కూడా పిలిచారు. మా ఆడపడుచుని మాత్రం ఎవరూ పిలవలేదు. లోపల అరిసెలు సర్దుతూ కూర్చుంది.

అసలు సంగతి ఇల్లు. మామగారు సొంత సంపాదనతో కట్టారు, వీలునామా రాయకుండా పోయారు. ఆడపిల్లకి హక్కు 2005లోనే వచ్చిందనుకుంటాం కదా, అది పూర్వీకుల ఉమ్మడి ఆస్తి మాట. ఇలాంటి స్వార్జితంలో భార్యకీ కొడుక్కీ కూతురికీ సమాన వాటా అని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పింది. అన్నదమ్ములు కాపురముంటున్న ఇంటిని పంచమని మాత్రం కూతురు అడగడానికి లేదని అందులో ఓ మెలిక ఉండేది. 2005లో దాన్నీ తీసేశారు. అంటే మూడింట ఒక వంతు ఆమెదే. మేం ఎవర్ని "ఉంచుకున్నాం" ఇన్నాళ్లూ?

మొన్న రాత్రి మావారితో ఈ మాటే అన్నాను. "తను అడిగిందా?" అన్నారు.

"అడగలేదు. అడగదు కూడా. పేరు ఎక్కించండి."

మా అబ్బాయి వాటా తగ్గుతుందని నాకూ తెలుసు. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు. ఇంటిపన్ను రసీదు మాత్రం ఇప్పటికీ మామగారి పేరు మీదే వస్తోంది.